బి సైడ్ చివరి పాట

టేప్ రికార్డర్ తుడవడం కనకవల్లి పని. వినడం యతిరాజులు పని. ప్రతి ఆదివారం పొద్దున దూదికి కాస్త కొలోన్ అద్ది ఆమె లోపలంతా తుడుస్తుంటే, ఆయన పేపర్లోంచి తలెత్తకుండా, "బాగా తుడువు, పోయిన వారం గొంతు గీరుకుంటా ఉండింది" అనేవాడు. పెరంబూరులో రైలు పెట్టెలు చేసే కోచ్ ఫ్యాక్టరీలో చార్జిమ్యాన్ ఆయన, పనివాళ్ళ మీద అధికారి. ఏ పాట పెట్టాలో, ఎంత గట్టిగా పెట్టాలో, ఎప్పుడు ఆపాలో అన్నీ ఆయన ఇష్టమే. పదమూడేళ్ళ కాపురంలో "నీకేది పెట్టమంటావు?" అని ఆయన అడగలేదు. అడగలేదన్న సంగతి ఆమెకూ తట్టలేదు.

మద్రాసు ఇంకా మద్రాసుగానే ఉన్న రోజులవి. కావలసిన పాటలు కాగితం మీద రాసిస్తే ఖాళీ క్యాసెట్లో నింపి ఇచ్చే కొట్లుండేవి. యతిరాజులు రాసిన చీటీని, కూరగాయలకు పోతూ స్టేషను పక్కన సుబ్బన్ కొట్లో ఇచ్చి, నాలుగు రోజులకు క్యాసెట్ తెచ్చేది కనకవల్లే. "రెండు పక్కలా సరిగా పడిందో లేదో చూసిపెట్టు" అనేవాడు ఆయన. అదీ ఆమె పనే.

ఒక మధ్యాహ్నం అత్తగారు కునుకు తీస్తుండగా, చింతపండు పిసుకుతూ అలాగే ఒక క్యాసెట్ సరిచూస్తోంది. బి సైడ్‌లో ఆయన రాసిన పాటలు అయిపోయాయి. చేతులకు చింతపండు అంటుకుని ఉండి వెంటనే ఆపలేకపోయింది. ఆ కాస్త ఆలస్యంలో ఇంకో పాట మొదలైంది. ఒక గిటారు, దాని వెనక డప్పు, ఎవరో అమ్మాయి గొంతు. సగం తెలుగు, సగం అరవం. రైలు తప్పిపోయిన ఒక ఆడమనిషి, ఇంక తొందరేముందిలే అని ప్లాట్‌ఫారం బల్ల మీద కూర్చుని కాళ్ళూపుకుంటూ పాడుకుంటోంది. అంతే పాట. మొగుడి కోసం ఏడవలేదు, దేవుణ్ణి వేడుకోలేదు. కనకవల్లి చేతులు కడుక్కుని వచ్చి దాన్ని మూడుసార్లు వింది. ఆ రోజు పులుసులో ఉప్పు వేయడం మరిచిపోయింది.

సాయంత్రం యతిరాజులు విని మొహం చిట్లించాడు. "ఏందిది? గిన్నెలు తోమినట్టుండాదే! సుబ్బన్‌తో చెప్పి చెరిపించు."

మర్నాడు ఆమె కొట్టుకు వెళ్ళింది గానీ చెరిపించమని అడగలేదు. "ఆ చివరి పాట ఎవరిది?" అని అడిగింది.

సుబ్బన్ మొహం వెలిగింది. "మా అక్క కూతురు కార్తీక పాడిందమ్మా. నలుగురు చేరి బ్యాండు పెట్టుకొనుండారు, 'మూడో ప్లాట్‌ఫారం' అని. ఏ కంపెనీవాడూ తీసుకోలా. వాళ్ళే సొంతంగా వంద క్యాసెట్లు చేసినారు. ఎవరి క్యాసెట్లో జాగా మిగిలినా సుమ్మా ఊరికే ఒక పాట ఏసి పెడతా, ఎవరన్నా అడుగుతారేమో అని. ఇన్నాళ్ళకి నువ్వే అడిగింది."

సుబ్బన్ ఇచ్చిన ఆ బ్యాండు క్యాసెట్ అట్టలో, లోపలివైపు, చీమల బారులాంటి అక్షరాలు: 'మేము వీళ్ళ దగ్గర నేర్చుకున్నాం.' కింద పదకొండు పేర్లు. ఆఫ్రికా ఎడారిలో గిటారు వాయించే ముసలాయన, బెంగాల్ పడవవాళ్ళు, తంజావూరు పక్క పల్లెలో నాదస్వరం ఊదే అన్నదమ్ములు. అన్నిటికన్నా చివర, పెరంబూరు పక్కనే ఉన్న వ్యాసర్పాడి కాటయ్య. ఎక్కడెక్కడి పేర్లో చదువుకుంటూ వచ్చి, ఆఖరికి పక్క స్టేషన్లో దిగినట్టయింది ఆమెకు.

ఆ పేర్లవాళ్ళ క్యాసెట్లు సుబ్బన్ ఒక్కొక్కటే వెతికి ఇచ్చేవాడు. ఆ ఏడాది మధ్యాహ్నాలన్నీ అలా గడిచాయి. ఉప్పుడు బియ్యంలో రాళ్ళేరుతూ, అత్తగారి చీరలు మడత పెడుతూ, తెలియని భాషల్లో తెలిసిన మాటలేవో వింటూ ఉండేది. పడవవాళ్ళ పాటలు ఆమెకు నచ్చలేదు, మరీ సాగదీస్తున్నారనిపించింది. అలా అనిపించినందుకు తానే ఉలిక్కిపడింది. ఇన్నేళ్ళూ ఏం వండినా, ఏం కట్టినా, ఏం విన్నా 'బాగుండాది' అనడమే అలవాటు. తనకు నచ్చనివి కూడా ఉంటాయా? ఉన్నాయి! మరి నచ్చినవి? గరుకు గొంతులు, డప్పు, పాట మధ్యలో నవ్వేసేవాళ్ళు. ముఖ్యంగా కాటయ్య.

ఒక రోజు యతిరాజులు పెందలాడే ఇంటికి వచ్చాడు. టేపులో కాటయ్య పాడుతున్నాడు.

"సావుల కాడ పాడేవాణ్ణి ఇంట్లోకి తెస్తివా?" అన్నాడు. "దీపం పెట్టే ఇల్లు కదే ఇది" అని అత్తగారు అందుకుంది. ఆయన క్యాసెట్ తీసి కిటికీలోంచి విసిరేశాడు. క్వార్టర్స్ ఆడవాళ్ళందరూ చూస్తుండగా కనకవల్లి కిందికి దిగి, దాన్ని ఏరుకుని, కొంగుతో దుమ్ము తుడుచుకుని మెట్లెక్కింది. ఏడుపు రాలేదు. పగలలేదు కదా అన్న ఆలోచన ఒక్కటే.

ఆ పై నెలలో, ఆదివారం మూడింటికి, రైల్వేవాళ్ళ హాల్లో కార్తీక బ్యాండు పాడుతుందని, కాటయ్య కూడా వస్తున్నాడని సుబ్బన్ చెప్పాడు. ఆ రోజే ఆడబిడ్డ మంగళ కుటుంబమంతా భోజనానికి వస్తోంది. కనకవల్లి వండింది, విస్తళ్ళు వేసింది, వడ్డించింది. తర్వాత తనకూ ఒక విస్తరి వేసుకుని వాళ్ళ పంక్తిలోనే కూర్చుంది.

"ఏం వదినా, అంత ఆకలా?" అంది మంగళ.

"మూడింటికి నాకు పనుండాది."

హాల్లో నలభై మందికి మించి లేరు. కాటయ్య బక్కపలచని మనిషి, చేతిలో డప్పు. చావుల దగ్గర పాడే పాటే ఎత్తుకుని, చచ్చిపోయినవాడు బతికుండగా చేసిన అల్లరంతా పాడాడు. కనకవల్లి కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. అలా పదిమందిలో గట్టిగా నవ్వి ఎన్నేళ్ళయిందో!

పాటలయ్యాక సుబ్బన్ ఆమెను మేనకోడలికి చూపించాడు. కార్తీక పరుగున వచ్చి చేతులు పట్టుకుంది. "అయ్యో అక్కా, మీరేనా మా పాట అడిగినది? మీకు ఎట్లాంటి పాటలు ఇష్టం?"

"గరుకు గొంతులు," అంది కనకవల్లి ముందు. తర్వాత ఒక్కొక్క మాటా వచ్చింది. కార్తీక నేల మీదే కూర్చుంది, డప్పు పక్కన పెట్టి కాటయ్యా కూర్చున్నాడు. హాలు ఊడ్చేవాడు వచ్చి కుర్చీలు ఎత్తేదాకా ఆమె చెబుతూనే ఉంది.

ఇంటికి వచ్చేసరికి వీధి దీపాలు వెలుగుతున్నాయి. ఆడబిడ్డ వెళ్ళలేదు. అత్తగారు గుమ్మంలోనే ఉంది. యతిరాజులు లేచి నిలబడ్డాడు. "ఇంతసేపు ఆడ ఏం చేస్తా ఉంటివి?"

"మాట్లాడతా ఉండినా."

"ఎవురితో? దేని గురించి?"

కనకవల్లి చెప్పులు విడిచి లోపలికి వచ్చింది. "నాకేం ఇష్టమని అడిగినారు. చెప్తా ఉండినా," అంది తాపీగా. "ఇంకా అయిపోలా. వచ్చే ఆదివారం మళ్ళీ పోవాల."