ఉత్త చాటలు

వాచ్‌మన్ లాఠీ బక్కమ్మ ముంజేతి మీద పడ్డప్పుడు ఆమె చాటలో దోసెడు మక్కజొన్న గింజలున్నాయి, అందులో సగం మట్టే. బస్తాలు దింపేటప్పుడు రాలిన గింజలు ఊడ్చి చెరుక్కునే ఆడవాళ్లను ధాన్యం మార్కెట్లోకి రానివ్వొద్దని షావుకార్లు ఆ వారమే తీర్మానించారు. ఎలుకలు తిన్నా ఫరవాలేదట.

కమీషన్ మీద ధాన్యం అమ్మిపెట్టే అడ్తి దుకాణానికి బోర్డు రాస్తున్న సారంగపాణి నిచ్చెన మీద నుంచి అంతా చూశాడు. ఎముక విరిగిన చప్పుడూ విన్నాడు.

ఆ ఆడవాళ్ల చాటలే అడిగి తెచ్చి, మట్టెవాడలో తన గది గోడ నిండా తగిలించాడు. గింజ లేదు, అక్షరం లేదు. ఆకలి గురించి ఇంతకన్నా చెప్పడానికేముంది అనుకున్నాడు పాపం. వచ్చి చూడమని తెలిసినవాళ్లందరికీ చెప్పాడు. యూనియన్ మిత్రుడు రాంచందర్ వచ్చి, "పిడికిలి బొమ్మ గియ్యరాదు? గిది ఎవనికి సమజైతది?" అని వెళ్లిపోయాడు. తర్వాత మూడు రోజులు ఎవరూ రాలేదు. వీధిలో చెప్పుల చప్పుడైతే చాలు, లేచి నిలబడేవాడు. ఎమర్జెన్సీలో జైలుకు పోయినప్పుడు కూడా అతనికి ఇంత ఒంటరిగా అనిపించలేదు.

నాలుగోనాడు యాకమ్మ వచ్చింది. "అన్నా, నా చాట నాకియ్యి. ఇంట్ల పని ఆగింది."

తీసి ఇచ్చాడు. ఆమె చెయ్యి చాపలేదు.

"ఉత్త చాట ఎట్ల తీస్కుంట? అడిగి తెచ్చుకున్న చాట నాలుగు గింజలేసి ఇయ్యాలె. గీ మాత్రం తెల్వదా?"

డబ్బాలన్నీ వెతికాడు. ఒక్క గింజ దొరకలేదు. యాకమ్మ గోడ వంక చాలాసేపు చూసింది.

"గా చాట బక్కమ్మది. గీ పేడ అలుకుడు ఆమెదే, నాకెరికే. గిన్ని చాటలల్ల నువ్వేడికెల్లి ఏస్తవన్నా? ఏసేటోళ్లు వేరే ఉన్నరు. పొద్దుగాల్ల బోణీకి ముందే పోదాం."

తెల్లారి సారంగపాణి గోడ మీది చాటలన్నీ మార్కెట్‌కు మోసుకొచ్చాడు. ఆడవాళ్లు ఆ ఉత్త చాటలు ఒళ్లో పెట్టుకొని దుకాణాల ముందు కూర్చున్నారు. బోణీ వేళ ఎదురుగా ఉత్త చాట, అపశకునం. ఏ షావుకారూ గడప దాటలేదు, వేలం మొదలుకాలేదు.

"ఏం గావాలెనే మీకు?" షావుకార్ల పెద్ద కిషన్ రావు లోపలి నుంచే అరిచాడు.

"చాటల గింజలెయ్యి. బక్కమ్మను కొట్టినోన్ని తీసెయ్యి. మమ్ముల లోపటికి రానియ్యి," అంది యాకమ్మ.

జీపు వచ్చింది. ఎస్సై ఒక చాట అందుకొని అటూ ఇటూ తిప్పి చూశాడు. నినాదమేదీ రాసి లేదు. ఎవరో ఒకర్ని పట్టుకోవాలి కాబట్టి సారంగపాణిని ఎక్కించారు.

ఇద్దరు కానిస్టేబుళ్ల మధ్య కూర్చొని వెనక్కి చూశాడు. అతనికి ముఖపరిచయం కూడా లేని హమాలీ మొగిలి బస్తా దించి, తలగుడ్డ విప్పి ఒళ్లో పరుచుకొని, యాకమ్మ పక్కన కూర్చున్నాడు. అతని వెనక ఇంకొకడు. రాంచందర్ ఖాళీ టిఫిన్ డబ్బా మూత తీశాడు. జీపు మలుపు తిరిగింది, ఆ తర్వాత అతనికేమీ కనబడలేదు.

పొద్దంతా లాకప్పులో ఒక్కడే ఉన్నాడు. సాయంత్రం కానిస్టేబుల్ చాయ్ ఇస్తూ చెప్పాడు.

"మార్కెట్ల ఒక్క తూకం కాంట లేవలే. రేపు గూడ కూసుంటరట."