ఒకటిన్నర మిల్లీమీటరు అనుమానం

నేను ఒక జల్లెడని. మీ ఇంట్లో పిండి జల్లించే రకం కాదు, ముందే చులకన చేయకండి. స్టీలు చుట్టు, ఇత్తడి వల, కింద పడిందాన్ని పట్టడానికి ఒక పళ్ళెం. నా నడుముకు ఒక రేకు బిగించి ఉంటుంది. నా కన్నం సరిగ్గా ఒకటిన్నర మిల్లీమీటరు అని దాని మీద చెక్కి ఉంది, సర్టిఫికెట్టు కూడా ఉంది. మీలో ఎంతమంది బుద్ధికి సర్టిఫికెట్టు ఉందో చెప్పండి చూద్దాం.

పుట్టింది జర్మనీలో ఒక చిన్న ఫ్యాక్టరీలో. పుట్టగానే ఒక కళ్ళద్దాలాయన నన్ను దీపానికి అడ్డంగా పట్టుకుని కన్నాలన్నీ వెతికాడు, ఎక్కడో ఒకటి వంకర ఉండే ఉంటుందన్న మొహం పెట్టుకుని. నేను చూసిన మొదటి మనిషి చూపు అదీ. తర్వాత సరిహద్దు నది దాటి పోలండులో ఒక ధాన్యం గోదాములో పదకొండేళ్ళు పనిచేశాను. రైతులు గోధుమలు తెచ్చేవారు. మేనేజరు ఒక దోసెడు నాలో పోసి ఊపేవాడు. కింద నాలుగు సన్న గింజలు పడితే చాలు, "చూశావా, సగం మట్టే" అనేవాడు. అది మట్టి కాదని నాకు తెలుసు, రైతుకు తెలుసు, మేనేజరుకూ తెలుసు. ముగ్గురం నోరు మూసుకునేవాళ్ళం. మనిషి నవ్వుతూ దగ్గరికొస్తే ఏదో పట్టుకుపోవడానికే వస్తాడని నేను అక్కడే తేల్చుకున్నాను.

గోదాము మూతపడ్డాక నన్ను ఒక యూనివర్సిటీ వాళ్ళు కొన్నారు. ఆ యూనివర్సిటీ సంగతి చెబితే నమ్మరు. నదికి ఈ ఒడ్డున జర్మనీ, ఆ ఒడ్డున పోలండు, మధ్యలో వంతెన. యూనివర్సిటీ సగం ఇటు, సగం అటు. పొద్దున పాఠం ఒక దేశంలో వింటారు, మధ్యాహ్నం పాఠానికి వంతెన మీద నడిచి ఇంకో దేశం పోతారు. మా ల్యాబు ఇటు వైపు, మొక్కలు పెంచే గాజు ఇల్లు అటు వైపు. ల్యాబులో సామాను చూసుకునే ఆవిడ పేరు హలీనా. పోలండు మనిషి. అక్కడి మర్యాద ప్రకారం అందరూ 'పాని హలీనా' అంటారు, మనం అమ్మగారూ అన్నట్టు. డిపార్టుమెంటుకు పెద్ద ప్రొఫెసర్ గుద్రున్. జర్మనీ ఆవిడ. ఎప్పుడూ నవ్వుతూ ఉంటుంది. నవ్వేవాళ్ళ మీద నా అభిప్రాయం ముందే చెప్పాను.

అక్కడ కరువును తట్టుకునే చిరుధాన్యాల మీద రెండు ఒడ్లవాళ్ళూ కలిసి ఒక పరిశోధన పెట్టుకున్నారు. విత్తనాన్ని ముందు శుభ్రం చేయాలి. ఎంత కన్నం జల్లెడతో చేయాలి? జర్మనీ కమిటీ ఒకటీ పాయింటు ఆరు అంది. పోలండు కమిటీ ఒకటీ పాయింటు నాలుగు అంది. ఎనిమిది నెలలు కాఫీలు తాగారు, ఉత్తరాలు రాసుకున్నారు. చివరికి ఇద్దరూ చెరికాస్త తగ్గి ఒకటిన్నర దగ్గర చేతులు కలిపారు. హలీనా అలమరలోంచి నన్ను తీసి బల్ల మీద పెట్టి, "ఇదిగో మీ ఒప్పందం. నాలుగేళ్ళుగా ఇక్కడే పడి ఉంది" అంది. అందరూ నవ్వారు. ఆ విత్తనం పండించే మనిషిని ఒక మాట అడుగుదామని మాత్రం ఎవరికీ తోచలేదు. నిజం చెప్పాలంటే నాకూ తోచలేదు.

విత్తనం తెచ్చింది నాగవేణి. అనంతపురం జిల్లా కళ్యాణదుర్గం దగ్గరి పల్లె పిల్ల. ముప్పై ఒకటో ఏట ఆ యూనివర్సిటీలో పరిశోధన చేస్తూ, పిల్లలకు పాఠాలు కూడా చెప్పేది. వాళ్ళ పక్క ఊరి ఉసేనమ్మ అనే ముసలావిడ దగ్గర ఆరు కిలోల కొర్ర విత్తనం తీసుకొచ్చింది. నడుమ వాన మొహం చాటేసినా ఉసేనమ్మ చేను మళ్ళీ లేస్తుందని ఆ చుట్టుపక్కల పేరు. వాడుకోగా మిగిలింది మళ్ళీ విత్తే వేళకు ఆవిడకు ఇచ్చేయాలని ఒప్పందం. ఇస్తారా? నాకైతే నమ్మకం లేదు. అంత దూరం నుంచి అన్ని కాగితాలతో ఒక సంచి వచ్చిందంటే, దాన్ని తిరిగి పంపడానికే తెప్పించుకున్నారని ఏ జల్లెడ నమ్ముతుంది?

నాగవేణి రెండు దేశాల పిల్లల్నీ నా చుట్టూ నిలబెట్టి పాఠం చెప్పింది. "పైన నిలిచింది విత్తనం. కింద పడింది చెత్త. పరాయి దేశపు చెత్త కాబట్టి ఆ వారంలోనే కాల్చి, రిజిస్టరులో రాయాలి." పిల్లలు వంతులవారీగా నన్ను ఊపారు. మూడు వారాల్లో ఆరు కిలోలూ అయ్యాయి. రెండు కిలోలు కింద పడింది. ప్రతి శుక్రవారం హలీనా రిజిస్టరులో 'కాల్చివేయబడింది' అని రాసి సంతకం పెట్టేది. కానీ నేను చూశాను. ఆవిడ కాల్చలేదు. పళ్ళెంలోది కాగితం పొట్లం కట్టి, చేతిసంచిలో శాలువా కింద పెట్టుకుని వంతెన దాటి ఇంటికి పోయేది. ఏ విత్తనాల కంపెనీకి చేరవేస్తోందోనని నా ఇత్తడి నల్లబడేంతగా ఆలోచించాను.

పైన నిలిచిన పెద్ద గింజను గాజు ఇంట్లో విత్తారు. బాగా మొలిచింది. ఇరవై రోజులు నీళ్ళు ఆపి మళ్ళీ పెట్టారు. ఏదీ లేవలేదు. అన్నీ ఒకేసారి వెన్ను తీసి, ఒకేసారి పొల్లు పోయాయి. ప్రొఫెసర్ గుద్రున్ ఆ రోజు నవ్వలేదు.

"నాగవేణీ, ఆ పెద్దావిడ చెప్పింది రుజువు కాలేదు. మిగిలిన విత్తనం పంపించేద్దాం."

పంపేముందు నాగవేణి ల్యాబులోంచే ఉసేనమ్మకు వీడియో ఫోను చేసింది. శుభ్రం చేసిన గింజను అరచేతిలో పోసి ఫోనుకు చూపించింది.

"చూడవ్వా. ముత్యాల మాదిరి చేసినాం."

"ఎవురిది పాపా ఇది?"

"నీదే అవ్వా."

"నాది కాదు. నాది ఇంత సొగసు ఉండదు. సన్నగింజ యాడ పాయె?"

"అది చెత్త కదవ్వా. జల్లెడ పట్టి తీసేసినాం."

అటువైపు కోళ్ళ అరుపుల మధ్య ముసలావిడ గొంతు లేచింది.

"ఇత్తనానికి జల్లెడ పట్టినారా? తినేదానికి జల్లెడ, ఇత్తేదానికి చాట అని నీకు చెప్పితి కదమ్మా. తల ఊపుకుంటా రాసుకుంటివి."

నాగవేణి అరచేతిలోని గింజను బల్ల మీద పోసేసింది. ముసలావిడే చెప్పింది.

"పెద్దగింజ బిరీన ఎన్ను తీస్తాది. నడుమ వాన ఎగ్గొడితే పొల్లే. సన్నది నిదానం. గడ్డి మాదిరి పండుకోని ఉంటాది, మళ్ళా ఒక వాన పడితే లేస్తాది. రెండూ కలిస్తేనే నా ఇత్తనం. చాటలో చెరిగితే తాలు పోతాది, సన్నది పోదు. రెండు దేశాలోల్లు కూడి చదువు చెప్తాండారంటివే, ఒక్కరి కాడా ఒక చాట ల్యాకపాయనా?"

"తప్పయిపోయిందవ్వా."

"తప్పు సంగతి తరవాత. నా కాడ ఉన్నిది తుపాను వానకి ముక్కిపాయె. మా యమ్మ నాటి ఇత్తనం ఇంగ మీ కాడ ఉండేదే. మిరుగు పోకముందే పంపీ పాపా. సన్నదీ పంపు."

మిరుగు అంటే మృగశిర కార్తె, జూన్ నెల. అప్పటికి మే సగం గడిచింది.

ఫోను పెట్టేసి నాగవేణి కంప్యూటరులో తన పాత ఫారం తెరిచింది. ఊరికి పోయినప్పుడు ఉసేనమ్మ చెప్పిందంతా నింపుకున్న ఫారం. అందులో 'పద్ధతులు' అని ఒక గడి, 'నమ్మకాలు' అని ఒక గడి. విత్తనానికి జల్లెడ తగలకూడదు అన్న మాట అక్కడే ఉంది, నమ్మకాల గడిలో, దిష్టి తీయడానికీ శకునాలకూ మధ్యన. నమ్మకాల గడి కమిటీలు చదవవు. నాగవేణి ఆ వాక్యాన్ని అక్కడి నుంచి తీసి పద్ధతుల గడిలో పెట్టింది. పెట్టి బల్ల మీద తల వాల్చింది. రిజిస్టరు పక్కనే తెరిచి ఉంది. కాల్చివేయబడింది, కాల్చివేయబడింది, కాల్చివేయబడింది.

హలీనా లోపలికొచ్చి చూసి తలుపు వేసింది.

"ఏమైంది?"

"పాని హలీనా, ఆ చెత్త నిజంగా కాల్చేశారా?"

హలీనా మొహం మారిపోయింది. "ఎందుకడుగుతున్నావు? నిన్నెవరు పంపారు?"

అప్పుడు నాకు ఒక సంగతి తెలిసింది. అనుమానంలో ఈవిడ నాకు అక్కలాంటిది.

నాగవేణి అంతా చెప్పింది. ఉసేనమ్మ గురించి, తుపాను గురించి, మిరుగు గురించి. హలీనా కోటు వేసుకుని వెళ్ళిపోయింది. మర్నాడు పొద్దున చక్రాల బండి లాక్కుంటూ వచ్చింది. లోపల దోసకాయ ఊరగాయ పెట్టుకునే గాజు సీసాలు మూడు. నిండా కొర్రలు. ఒక్కోదాని మీద తారీకు.

"మా అమ్మ ఆకలి చూసిన మనిషి. గింజను నిప్పులో వేసే చేతికి అన్నం పుట్టదనేది. నాకు కాల్చబుద్ధి కాలేదు. ఉద్యోగం పోతుందని చెప్పలేదు."

నాగవేణి మూడో సీసా ఎత్తి చూసింది. "ఇది సగమే ఉంది?"

"మా ఇంట్లో రెండు పిట్టలున్నాయి. వాటికి నచ్చింది. ఎక్కువ అడిగితే మాత్రం ఏం చేయను?"

మూడు నెలలు నేను దొంగ అనుకున్న మనిషి ఆవిడ. చెత్త అని ఆ గింజల్ని కిందికి తోసింది ఎవరు? అందరి మీదా ఒక కన్నేసి ఉంచిన నేనే. నా సర్టిఫికెట్టు మీద కన్నం కొలత రాసి ఉంది గానీ, ఇది రాసి లేదు.

ఇంక మిగిలింది ప్రొఫెసర్. ఈవిడ తప్పంతా నాగవేణి మీద తోసి, హలీనాను ఇంటికి పంపుతుందని నేను గట్టిగా అనుకున్నాను. గుద్రున్ వచ్చి సీసాలు చూసింది. రిజిస్టరు చూసింది. ఇబ్బంది ఏమిటంటే, కాగితం మీద ఈ గింజలు బూడిద. పైగా అనుమతి లేకుండా సరిహద్దు దాటిన బూడిద. లేనిదాన్ని ఏ దేశం నుంచి పంపుతారు?

"ఇవి ఇన్నాళ్ళూ ఎక్కడున్నాయి?"

"మా వంటింట్లో. అటు ఒడ్డున."

గుద్రున్ పెన్ను తీసి 'కాల్చివేయబడింది' అని ఉన్న మూడు చోట్లా కొట్టేసింది. పక్కన 'కాల్చలేదు, అటు ఒడ్డున ఉంచారు' అని రాసింది. కింద ఇంకో వాక్యం: 'జల్లెడ పట్టమన్న పద్ధతి నాది. అది తప్పు.' సంతకం పెట్టి, రెండు ఒడ్ల అధికారులకూ అదే ఉత్తరం పంపింది. హలీనాకు ఒక మెమో వచ్చింది, ఉద్యోగం పోలేదు. నా కన్నానికి ఎనిమిది నెలలు తీసుకున్న కమిటీలు ఈసారి తొమ్మిది రోజుల్లో సరే అన్నాయి. తనిఖీలు, ముద్రలు అన్నీ అయ్యాయి. సన్నగింజలో ఒక దోసెడు ఉసేనమ్మను అడిగి పరిశోధనకు ఉంచుకున్నారు. ఈసారి ముందు అడిగారు.

నాగవేణి విత్తనంతో పాటు నన్నూ పెట్టెలో పెట్టుకుంది. ముసలావిడే అడిగిందట, "ఆ జల్లెడ ఒకసారి చూపీ" అని. శిక్షకే తీసుకుపోతున్నారని దారి పొడవునా అనుకున్నాను.

మిరుగు పోవడానికి ఇంకా నాలుగు రోజులుంది. ఉసేనమ్మ ఇంటి ముందు చాప పరిచి, పెద్దగింజ సంచి, సన్నగింజ సీసాలు అన్నీ గుమ్మరించింది. రెండు చేతులతో కలిపింది. దోసెడు చాటలోకి తీసి చెరిగింది. రెండు గింజలు నోట్లో వేసుకుని కొరికింది. నాగవేణి ఊపిరి బిగబట్టుకుని నిలబడింది. నేనూ అంతే, నాకు ఊపిరి లేకపోయినా.

"నాదే. సన్నది రవ్వంత తక్కువైంది."

"అక్కడ ఒకామె ఇంట్లో పిట్టలు తినినాయవ్వా."

"తింటే తినినాయిలే. మన పిట్టలు తినవా యేం." నా వైపు తిరిగింది. చూపుడు వేలు నా వల మీద రాసింది. "పాపం దీన్దేముంది. కన్నాలు ఇడిసినోల్లది."

నాగవేణి వెళ్ళిపోయింది, నేను ఉండిపోయాను. ఇప్పుడు ఉసేనమ్మ వంటింట్లో మేకుకు వేలాడుతున్నాను. కొర్ర నూక జల్లిస్తుంది నాతో. నా సర్టిఫికెట్టు రేకు ఊడిపోతే ఇంటి పిల్లి దాన్ని ఎక్కడికో దొర్లించుకుపోయింది.

ఆ ఏడు ఆగస్టులో వాన ముప్పై రోజులు ఎగ్గొట్టింది. పెద్దగింజ పొల్లు పోయిందని వంటింట్లో మాటలు విన్నాను. ఇంక అయిపోయిందనుకున్నాను. సెప్టెంబరులో ఒక రాత్రంతా కప్పు మీద చప్పుడు. తర్వాత నెలన్నరకు గడప దాటి బస్తాలు లోపలికొచ్చాయి. నాలుగు. ఎక్కువ లేవు, కానీ తిండికీ వస్తాయి, విత్తనానికీ వస్తాయి. ఉసేనమ్మ నాగవేణికి ఫోను చేసి ఒకే మాట చెప్పింది: "సన్నది లేసింది పాపా."

నిన్న విత్తనం కుండలోకి పోసే పని పెట్టుకుంది. కుండ కడిగి, ఆరబెట్టి, వేపాకు పరిచింది. బస్తా మూతి విప్పబోయి ఆగి, నా వైపు చూసింది. లేచి వచ్చి నన్ను మేకు మీంచి తీసి, బయట అరుగు మీద బోర్లించి, లోపలికి పోయి తలుపు దగ్గరగా వేసుకుంది.

బోర్లా పడుకుని విన్నాను. లోపల చాట చప్పుడు మొదలైంది.