అద్దె మెషిను పూడ్చిన బావి

మట్టి తవ్వే చిన్న ప్రొక్లెయిన్ కొనాలా, అద్దెకు తెచ్చుకోవాలా అన్నది మా మొగుడూ పెళ్ళాల మధ్య ఏళ్ళ తరబడి నలుగుతున్న తగవు. మాది తోటలు వేసే పని. రాళ్ళు పేర్చడానికో, మొదళ్ళు పెకలించడానికో ఎప్పుడో ఒకసారి మెషిను కావాలి. మిగతా రోజులన్నీ కత్తెరలతోనే గడిచిపోతాయి. కొని పాకలో పడేస్తే తుప్పు పడుతుందని నేను. అద్దె మెషిను ఎక్కితే కళ్ళు మట్టి మీద కాక గడియారం మీదే ఉంటాయని మా ఆయన తొకుజి. నిజానికి ఇద్దరిదీ న్యాయమే, కానీ నేను ఒప్పుకునే రకం కాదు.

ఆకులు రంగు మారే రోజుల్లో షినొహర వాళ్ళ పెరట్లో పని వచ్చింది. తోట తీసేసి కార్లు నిలిపే జాగా చెయ్యాలి. మూలన పాత బావి ఉంది. మా వైపు బావి పూడ్చేటప్పుడు ఉప్పు చల్లి, సాకె అనే బియ్యపు సారా పోసి, కణుపులు తొలిచిన వెదురు గొట్టం ఒకటి లోపలి నుంచి పైదాకా నిలబెడతారు. బావి ఊపిరి తీసుకోవాలి కదా. నమ్మనివాళ్ళు కూడా ఆ పని మానరు. ఆ రోజు ఉప్పూ సాకే అయ్యాయి, వెదురు ఇంటి దగ్గరే మరిచిపోయాం. వెళ్ళి తెస్తానన్నాను. కానీ అద్దె కొట్టు మూసేలోగా మెషిను అప్పజెప్పాలి, మర్నాడు అది ఇంకొకళ్ళకు పోతుంది.

"తర్వాత ఎప్పుడో ఓ పైపు దింపుదాంలే. మెషిను మనదైతే ఈ పరుగులెందుకే?" అంటూ తొకుజి రాళ్ళూ మట్టీ తోసేశాడు. అక్కడ కూడా దెప్పడం మానలేదు.

ఆ వారంలోనే అతనికి ఊపిరి అందకుండా పోయింది. నడిస్తేనే కాదు, ఊరికే కూర్చున్నా అంతే. ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసి, ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయన్నారు. అన్నం నోట్లో పెట్టుకుంటే తడిమట్టి వాసనని ఉమ్మేసేవాడు. ఒక మధ్యాహ్నం వీపు రాస్తూ చెవి ఆనించాను. లోపల, చాలా లోతున, నీటి చుక్క పడింది. కాసేపాగి ఇంకొకటి. మరిచిపోయిన వెదురు గుర్తొచ్చింది.

ఇద్దరం వెళ్ళి బావి పూడ్చిన చోట ఇనప ఊచ దింపి చూశాం. రాళ్ళు తగిలి దిగలేదు, తవ్వాల్సిందే. అద్దె కొట్టు హిరొసె గారిని అడిగితే, మెషిన్లన్నీ కొండచరియ విరిగిన చోటికి వెళ్ళాయనీ, ఇప్పట్లో రావనీ చెప్పారు. అమ్మకానికి మాత్రం పాతదొకటి ఉందట. ఇస్తే తీసుకుంటానన్నాను.

"కొందామన్నందుకు మీ ఆయన్ని ఇక్కడే నిలబెట్టి తిట్టావు కదమ్మా. ఇప్పుడు నువ్వే కొంటున్నావా?" అని నవ్వారు.

ఎందుకో చెప్పాను. ఆయన నవ్వు ఆపి తాళంచెవి తెచ్చిచ్చారు. మా దాపుడు సొమ్మంతా ఊడ్చి ఇచ్చేశాను.

తొకుజికి దుప్పటి చుట్టి ట్రక్కులో కూర్చోబెట్టి, నేనే మెషిను ఎక్కాను. షినొహర గారి కోడలు కొత్తగా పరిచిన కంకర పాడవుతుందని అడ్డం రాబోయి, అతని పెదాల రంగు చూసి పక్కకు తప్పుకుంది. మట్టి మామూలుగా లేదు. బకెట్టు లేపుతుంటే కింద నుంచి ఎవరో లాక్కుంటున్నట్టు మెషిను ముందుకు ఒరిగిపోయేది. దాని చెయ్యి అందినంత లోతున, ఒకదాంట్లో ఒకటి ఇరుక్కుపోయిన రాళ్ళు కనబడ్డాయి. ఒక రాయి పెకలించి, ఆ సందులో వెదురు దింపాను. అది ఎక్కడా ఆగకుండా జారింది. అంటే రాళ్ళ కింద బావి ఖాళీగానే ఉంది.

చుట్టూ మట్టి కప్పేసరికి, గొట్టం మూతి మీద పడ్డ ఎండుటాకు సర్రున లోపలికి పోయింది. అదే క్షణంలో ట్రక్కులో తొకుజి గుండెల నిండా గాలి పీల్చాడు.

"ఆకలేస్తోందే, తినడానికేమైనా తెచ్చావా?" అన్నాడు.

నాకు ఏడుపు ఆగలేదు. అన్నం ముద్ద చేతికిచ్చి, గొట్టం చూసుకుందామని వెనక్కి వెళ్ళాను. గాలి లోపలికి పోతోంది, బయటికి వస్తోంది. వెచ్చగా ఉంది. ఊరికే, దాని మీద అరచెయ్యి పెట్టాను. వెనక ట్రక్కులో తొకుజి ఉక్కిరిబిక్కిరై దగ్గాడు. చెయ్యి తీశాను, దగ్గు ఆగింది. మళ్ళీ పెట్టి చూసే ధైర్యం నాకు లేదు.

షినొహర గారి కోడలు టీ తెచ్చింది. ఈ గొట్టం కార్లకు అడ్డమొస్తుంది, ఎప్పుడు కోసెయ్యొచ్చని మర్యాదగానే అడిగింది. కొయ్యొద్దన్నాను. ఈ మూల నాకు అమ్మమన్నాను, ఎంతకో కూడా అడగలేదు.

"ఇంత మూల విడిగా ఎవరమ్ముతారండీ? నెలకింతని అద్దెకైతే ఇస్తాం. మేం ఎప్పుడు ఖాళీ చెయ్యమంటే అప్పుడు చెయ్యాలి, అంతే," అంది.

నేను తలూపాను. ఇంకో ముద్ద ఉందా అని ట్రక్కులోంచి తొకుజి పిలుస్తున్నాడు.