రోలు ఎక్కితే మునిగే పడవ

పడవ మళ్ళీ మునిగింది. మౌస్‌ను బల్లకేసి కొట్టాను.

"దాన్నెందుకు కొడతావు మక్, అదేం పాపం చేసింది?" అంది నా కూతురు రొహాయు. అమ్మనైన నన్ను మక్ అనే పిలుస్తుంది.

తనూ, తన స్నేహితుడు ఖైరిలూ ఏడాదిగా మా ముందుగదిలో కూర్చుని ఈ ఆట తయారుచేస్తున్నారు. ఊరికి వరద వస్తుంది. ఒక కుటుంబాన్ని, సామానుతో సహా పడవలో గట్టుకు చేర్చాలి. అందులో ప్రతి ప్రాణికీ, ప్రతి వస్తువుకీ సైజు వేరు, బరువు వేరు. ఆ బరువుల పనంతా రొహాయుది. సాయంత్రం ఆటను పోటీకి పంపాలి. అంతకుముందు నాతో ఆడించి చూస్తున్నారు. నేను విసిగి లేచిపోతే బరువులన్నీ తీసేద్దామని ఖైరిల్ పట్టు.

"మక్ చిక్‌కే ఇంత చిరాకొస్తే, బయటివాళ్ళు ఆడతారా?" అన్నాడు. పిన్నీ అన్నట్టు నన్ను మక్ చిక్ అంటాడు వాడు.

రొహాయు ముఖం చిన్నబోయింది. అది చూసి మళ్ళీ మొదలుపెట్టాను.

మొగుడు, పెళ్ళాం, పిల్ల, పిల్లి, బియ్యం మూట, కోళ్ళ గంప. అన్నీ ఎక్కాక కూడా పడవలో చోటు మిగిలింది. సంబల్ కారం నూరే రాతిరోలు పిల్లికన్నా చిన్నది. ఎక్కించాను. మునిగింది.

"ఇంత గంప తేలుతుంది, ఇంత కూడా లేని రోలు ముంచుతుందా? ఇదెక్కడి న్యాయమే?"

"అది రాయి, మక్."

"రాయని నాకు తెలీదా? దాంతోనే కదా నిన్ను పెంచింది! రోలు లేని కొంపకు వెళ్ళి ఏం తింటారు వీళ్ళు?"

మొగుడి పక్కన ఏదో రాసి ఉంది. కూడబలుక్కుని చదివాను. ఎనభై కిలోలు.

"ముంచేది వీడే! మీ నాన్న గాలొస్తే స్తంభం పట్టుకునేవాడు. వీణ్ణి కాస్త బక్కచిక్కించు."

"చిక్కితే బలం కూడా తగ్గుతుంది. రోలు ఎత్తలేడు మక్."

"నువ్వు చిక్కించవే."

"ఇది మోసం కాదా?" అని ఖైరిల్ గొణిగాడు. రొహాయు మొగుణ్ణి చిక్కించింది.

వాడు రోలు దగ్గర వంగాడు, లేచాడు, మళ్ళీ వంగాడు. రోలు కదల్లేదు. నీళ్ళు మోకాళ్ళు దాటాయి.

"వదిలి రారా, దరిద్రుడా!" అని అరిచాను. ఖైరిల్‌కు తాగుతున్న టీ పొరబోయింది.

చివరికి రోలును వంటింట్లోనే వదిలేసి పడవ తోయించాను. గట్టు చేరింది. రొహాయు చప్పట్లు కొట్టింది.

"రోలు పోగొట్టుకుని గెలుపేమిటే? తీసెయ్ ఈ బరువుల గోల."

"ఆగు మక్. నీళ్ళు తగ్గనీ."

తెరమీద వరద తగ్గింది. ఇంట్లో చాపలు లేవు, బకెట్లు లేవు, బల్ల కూడా లేదు. వంటింట్లో బురద మధ్య రోలు మాత్రం పెట్టినచోటే ఉంది.

"తేలికవి నీళ్ళు పట్టుకుపోతాయి. బరువున్నవి కదలవు," అంది రొహాయు మెల్లగా.

"ఈ ముక్క ముందే చెప్పి ఏడవచ్చుగా?"

"చెబితే వినేవారా, మక్ చిక్?" అన్నాడు ఖైరిల్. "ఏమంటారు, బరువులు తీసెయ్యనా? తీస్తే మీ రోలూ కొట్టుకుపోతుంది."

"దాని జోలికి వెళ్ళావంటే ఈ ఇంట్లో నీకు టీ ఉండదు."

రొహాయు నవ్వుతూ ఆటను పంపే పనిలో పడింది. నేను కుటుంబాన్ని ఇంటికి చేర్చాను. ఆ బక్క మొగుడు గడప దాటగానే నేరుగా వెళ్ళి మళ్ళీ రోలు దగ్గర వంగాడు.

"ముట్టుకోకురా దాన్ని," అన్నాను.