నన్ను వదలని తలుపు

నా చేతికి లొంగని తాళం ఇంకా పుట్టలేదని నలభై ఏళ్లుగా చెప్పుకు తిరుగుతున్నాను. ఏనుగంత ఇనప్పెట్టె నేను దగ్గగానే తెరుచుకుందని చెబితే, తాళంచెవి చేయించుకోవడానికి వచ్చిన కోర్టు గుమస్తా నోరు తెరుచుకుని విన్నాడు. ఆ గొప్పలే నా కొంప ముంచాయి.

తాళంచెవి పోగొట్టుకున్న ఒకాయన ఫోన్ చేసి మూడో అంతస్తు, ఎడమ తలుపు అన్నాడు. ఆయాసంలో మెట్ల లెక్క తప్పి రెండో అంతస్తు తలుపు తీశాను. మా పనిలో తాళం తీశాక లోపలి నుంచి కూడా ఒకసారి తిప్పి చూడాలి. చూశాను. తలుపు మూసుకుంది, లోపలి పిడి విరిగి చేతిలోకి వచ్చింది. పనిముట్ల సంచి బయట ఉండిపోయింది. అరిచినా ఎవరూ రాలేదు. ముక్కూ మొహం తెలియనివాళ్ల ఫొటోలు చూస్తూ వాళ్ల సోఫాలోనే గంటసేపు కూర్చున్నాను. ఇంటావిడ పోలీసుతో వచ్చింది.

అనుమతి లేకుండా ఇంట్లో దూరడం చిన్న నేరమేనట. ఒప్పుకుంటే కొద్దిపాటి జరిమానా, కాదంటే విచారణ. పొరపాటున వెళ్తే గంటసేపు లోపల ఎందుకున్నావని జడ్జిగారు అడిగారు. గది నిండా నా కథలు విన్నవాళ్లే. తలుపు నన్ను బంధించిందని చెప్పడానికి నోరు రాలేదు.

"తప్పయిందండీ, ఒప్పుకుంటున్నాను" అన్నాను.

జరిమానా కట్టి ఈల వేసుకుంటూ ఇంటికొచ్చాను. వారం తిరక్కుండా నోటీసు వచ్చింది. శిక్ష పడినవాడికి తాళాల పని లైసెన్సు ఉండదట. అప్పీలుకు ముప్పై రోజుల గడువు.

లాయరుగా ఉన్న మా మేనకోడలు కాగితాలు చూసి తల పట్టుకుంది. నోటితో ఒప్పుకున్నాక జరిమానా ఎక్కువైందని అడగొచ్చు గానీ, నేరమే చేయలేదనడం కష్టమట. లైసెన్సు పోతుందని తెలియక ఒప్పుకున్నానని, అసలు జరిగింది ఇదీ అని ప్రమాణం చేసి రాసిస్తే పై కోర్టు వింటే వినొచ్చట.

"తలుపు తీయలేకపోయానని రాయాలి మామయ్యా."

"తలుపే నన్ను వదల్లేదని రాస్తే?"

"అప్పుడు లైసెన్సు నిన్ను వదిలేస్తుంది."

గడువు చివరి రోజున సంతకం పెట్టాను. కోర్టులో కాగితాలు తీసుకునే కిటికీ అవతల ఆ గుమస్తానే ఉన్నాడు. చదివి, కళ్లజోడు తీసి నన్ను చూశాడు.

"ఏనుగంత ఇనప్పెట్టె తీశావు కదా తాతా. ఈ తలుపు తెరుచుకోలేదంటే ఎవరు నమ్ముతారు?"

"ఆ ఇనప్పెట్టె అబద్ధం" అన్నాను, నలభై ఏళ్లలో మొదటిసారి.

"ఏమో, ఇదీ అంతేనేమో" అంటూ ముద్ర వేసి దొంతరలో పెట్టాడు.

ఇప్పుడు రోజూ మా కొట్టు ముందు కూర్చుని కోర్టు పిలుపు కోసం చూస్తున్నాను. షట్టరుకు అధికారులు వేసిన తాళం వేలాడుతోంది. నాసిరకంది. అరనిమిషం పని.