గిన్నెలో గీతలు

మేస్త్రీ చేతిలో తాపీ పడితే సిమెంటు చెప్పిన మాట వింటుందని పేటలో పేరు. నలభై ఏళ్లుగా విని విని ఆ పేరు ఆయనకు కాస్త తలకెక్కింది కూడా. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే రకం. ఇల్లు కట్టించుకునేవాళ్లే ఆయనకు సర్దుకుపోవాలి గానీ, ఆయన ఎవరికీ సర్దుకుపోయిన దాఖలా లేదు.

ఆయన కూతురు మందుల దుకాణంలో పనిచేస్తుంది. పేటలో అందరూ ఆమెను బొంగరం అంటారు. స్కేట్‌బోర్డు ఎక్కిందంటే ఇక తిరుగుతూనే ఉంటుంది మరి. పేట చివర ఒక పాత స్కేట్‌పార్క్ ఉంది. దాని నడుమ వాలు గోడలతో పెద్ద కాంక్రీటు గుంట. పిల్లలు దాన్ని గిన్నె అంటారు. గిన్నె అడుగంతా పగుళ్లు, పెచ్చులు. బాగుచేయమని అడిగినప్పుడల్లా మున్సిపల్ ఆఫీసువాళ్లు వచ్చే ఏడు చూద్దామన్నారు. అలా ఆరు వచ్చే ఏళ్లు గడిచాయి.

ఇక లాభం లేదని బొంగరమే చందాలకు బయల్దేరింది. ఆమె వెంట ఇద్దరే పెద్దవాళ్లు. ఒకరు రిటైరైన లెక్కల టీచరు. మెట్లు ఎక్కడానికే ఆవిడ మోకాళ్లు ఒప్పుకోవు. కందకు లేని దురద కత్తిపీటకెందుకని ఎవరో ఎగతాళి చేస్తే, "నా క్లాసు పిల్లాడు ఆ పగుళ్లలో పడి రెండు పళ్లు పోగొట్టుకున్నాడు, అందుకే దురద" అందావిడ. రెండోవాడు సెలూన్ ఆయన. అద్దం పక్కన చందా డబ్బా పెట్టి, వేయకుండా లేచినవాడి మెడ మీద ఇంకో నాలుగు వెంట్రుకలు ఉన్నాయని మళ్లీ కూర్చోబెట్టేవాడు. రెండేళ్ల పాటు ప్రతి ఆదివారం ముగ్గురూ పిల్లల్ని వెంటేసుకుని వీధి మలుపులో కార్లు కడిగారు. చలికాలంలో టీచరు వేళ్లు వాచిపోయేవి.

చివరికి పోగైనది సామానుకు సరిపోయింది గానీ, ఇలాంటివే కట్టే కంపెనీకి సరిపోలేదు. ఇంకో ఏడాది ఆగి తెలిసినవాళ్లనే పిలుద్దామన్నాడు సెలూన్ ఆయన.

"మా నాన్న చేస్తాడు. కూలి కూడా అక్కర్లేదు. మాట నాది" అంది బొంగరం.

కూతుర్ని తీసుకెళ్దామని వచ్చిన మేస్త్రీ సెలూన్ గుమ్మం బయట నిలబడి ఆ మాట విన్నాడు. పదిహేనో ఏడు వచ్చాక ఆ పిల్ల ఆయన్ని ఏదీ అడిగి ఎరగదు. ఆ రాత్రి ఆయన అన్నం కూడా సరిగా తినలేదు, అంత సంబరం.

ఆయన ఒక్కసారి కూడా గిన్నె దగ్గరికి వెళ్లి కూతురు ఆడుతుంటే చూడలేదు. ఎక్కడ పడుతుందోనని భయం. చూసి ఉంటే కథ వేరేగా ఉండేదేమో.

"నాన్నా, అద్దంలా నున్నగా ఉండాలి. చెయ్యి పెట్టి రాస్తే ఏమీ తగలకూడదు" అంది బొంగరం.

"సిమెంటు గురించి నాకు చెబుతున్నావా?" అన్నాడాయన నవ్వుతూ.

పని రోజు తెల్లవారకముందే అందరూ తట్టలు మోశారు. మధ్యాహ్నం రెండింటికల్లా మేస్త్రీ చివరి వాలు కూడా నున్నగా తీశాడు. మిగతావాళ్లు భోజనాలకు వెళ్లారు. రెండు రోజులుగా కంటిమీద కునుకు లేని బొంగరం గోడ నీడన ఖాళీ సిమెంటు సంచుల మీద పడి నిద్రపోయింది.

మేస్త్రీ అంచున నిలబడి చూశాడు. వాలు తళతళలాడుతోంది. అలాంటి మెరుపు ఆయన ముందొకసారి చూశాడు.

ఇరవై ఏళ్ల కిందట ఆయన ఒక ఆసుపత్రికి వాలు దారి వేశాడు. ఇలాగే నున్నగా. తొలి వానకే ఒక పెద్దావిడ జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆవిడ మళ్లీ నడవలేదు. ఆనాటి నుంచి ఆయన ఏ వాలునూ గీతలు గీయకుండా వదల్లేదు. ఇంటివాళ్లు వద్దని పోట్లాడినా పచ్చి సిమెంటు మీద గట్టి చీపురు లాగి, పాదానికి పట్టు ఉండేలా చేసే వచ్చేవాడు.

కూతురి వైపు చూశాడు. చిన్నప్పటిలాగే నోరు కొద్దిగా తెరిచి నిద్రపోతోంది. రేపు దీంట్లోకి దూకేది ఈ పిల్లే. సిమెంటు గట్టిపడడానికి ఇంకో అరగంట ఉందేమో, అంతే.

లేపి అడగొచ్చు. పది అడుగుల దూరం. కానీ అడిగితే వద్దంటుందని ఆయనకు తెలుసు. అందుకే లేపలేదు. ఇది దాచి లాభం లేదు, మన మేస్త్రీ చేసిన అసలు తప్పు ఇదే.

చీపురు తీసుకుని వాలంతా గీతలు లాగాడు. ఒక్కటీ వంకర పోలేదు. తన జీవితంలో ఇంత పొందికైన పని చేయలేదనుకున్నాడు. పైన తడి గోనెలు కప్పేశాడు.

"అయిందా నాన్నా?" అంది బొంగరం కళ్లు నులుముకుంటూ.

"అయింది."

మూడు వారాలు గోనెలు తడిపారు. తీసిన రోజు పేట పేటంతా వచ్చింది. బొంగరం ముందు వంగి వాలు మీద చెయ్యి రాసింది. రాసిన చెయ్యి కాసేపు అక్కడే ఆగిపోయింది. తండ్రి వైపు మాత్రం చూడలేదు. బోర్డు ఎక్కి దిగింది. చక్రాలు గరగరమన్నాయి, రెండో మలుపులో బోర్డు ఆగిపోయింది, మనిషి ముందుకెళ్లి పడింది. మోచెయ్యి తోలు లేచిపోయింది. పాదాన్ని పట్టుకునేది చక్రాన్నీ పట్టుకుంటుందని మేస్త్రీకి అప్పుడు తెలిసింది. పిల్లలు ఒక్కొక్కరే దిగి చూశారు. చీకటి పడకముందే గిన్నె ఖాళీ.

మర్నాడు ముగ్గురూ సెలూన్‌లో కూర్చున్నారు.

"నున్నగా ఉండాలని నువ్వు చెప్పావా లేదా అమ్మా?" అని అడిగాడు సెలూన్ ఆయన.

"గీతలు వేయమని నేనే చెప్పాను. జారతారేమోనని" అంది బొంగరం.

"ఆడేదానివి, నీకు తెలీదా?"

"తెలీలేదు."

మేస్త్రీ మూల కుర్చీలో ఉన్నాడు. లేచి నిజం చెప్పాలి. లేద్దామనే అనుకున్నాడు. నలభై ఏళ్ల పేరు అడ్డం కూర్చుంది, లేవలేదు. సెలూన్ ఆయన అద్దం పక్కనుంచి డబ్బా తీసి లోపల పెట్టేశాడు. వాలు అరగదీసే మెషీన్ కోసం మళ్లీ చందాలు అడిగే ముఖం ఆ ముగ్గురిలో ఎవరికీ లేకపోయింది.

పది రోజులు ఆయన తిండి తిన్నాడు గానీ రుచి తెలియలేదు. పదకొండో రోజు టీచరు ఇంటికి వెళ్లి ఉన్నదంతా చెప్పేశాడు.

"మాకు ఆ రోజే తెలుసు మేస్త్రీ. మీరు లేస్తారేమో అని చూశాం" అందావిడ.

ఇంటికి వచ్చేసరికి బొంగరం దుకాణానికి వెళ్లడానికి చెప్పులు వేసుకుంటోంది. బోర్డు ఎక్కక పది రోజులు దాటింది.

"అందరి ముందూ చెప్పేస్తానమ్మా. చేసింది నేనేనని" అన్నాడు.

"ఇప్పుడెందుకు నాన్నా? ఆ రోజు నన్ను లేపితే సరిపోయేది."

"లేపితే వద్దంటావని" అన్నాడాయన.

"అవును నాన్నా. వద్దనేదాన్ని" అని, బ్యాగు భుజాన వేసుకుని, ఆలస్యమవుతోందని వెళ్లిపోయింది.