పేరు లేని జవాబుపత్రం

ఆ పత్రాన్ని సీ ముంజీకి చూపించింది నేనే. ఈ మాట ముందే చెప్పేయడం మంచిది.

స్ఫాక్స్‌ పట్నంలో జూన్ నెల. బడి చివరి ఏడాది తత్వశాస్త్రం పరీక్ష జవాబులు దిద్దడానికి మమ్మల్ని ఒక పాత బడిలో కూర్చోబెట్టారు. ఒక్కో పత్రాన్ని ఇద్దరు దిద్దాలి. నా జోడీ దలీలా. ఇరవై ఏళ్ళుగా పాఠాలు చెబుతున్న మనిషి. అవసరమైతే తప్ప నోరు విప్పదు. విద్యార్థి పేరు రాసిన మూలను మడిచి జిగురుతో అంటించేస్తారు. మాకు కనిపించేది అంకె ఒక్కటే.

ఆ ఏటి ప్రశ్న: చట్టాన్ని గౌరవించడమంటే దానికి లోబడటమేనా?

చాలామంది బట్టీపట్టిందే రాశారు. ఈ పత్రం మూడో పేజీలో మాత్రం ఇలా ఉంది: "మా నాన్న ఠాణాలో కాపలాదారు. గని కార్మికుల గొడవల్లో పట్టుకొచ్చిన పదకొండు మంది ఒక రాత్రి తప్పించుకుపోయారు. వెనక తలుపు తీసింది నాన్నే. లోబడటమే గౌరవమైతే, ఆయన ఆ ఒక్క రోజు తప్ప మిగతా రోజులన్నీ చట్టాన్ని గౌరవించినట్టు. నాకు మాత్రం ఆ ఒక్క రోజే గౌరవించాడనిపిస్తుంది."

ఆ తలుపు ఎవరు తీశారో నాలుగేళ్ళుగా తేలలేదు. వాళ్ళు తప్పించుకున్న సంగతి మాత్రం దేశమంతటికీ తెలుసు.

నన్ను కుర్చీలోంచి లేపింది అబ్బురమో భయమో ఇప్పటికీ తేల్చుకోలేను. పత్రం తీసుకెళ్ళి మా కేంద్రం పెద్ద ముంజీగారి, మా మాటలో సీ ముంజీ, బల్ల మీద పెట్టాను. ఆయన రెండుసార్లు చదివి కళ్ళద్దాలు తీశాడు. చెడ్డవాడేం కాదు. పింఛనుకు రెండేళ్ళ దూరంలో ఉన్నాడు, అంతే.

పత్రం పట్టుకుని నాతోపాటే మా గదిలోకి వచ్చాడు. మూల విప్పడం నేరం కాబట్టి విప్పబోమని, కొత్తగా వచ్చిన యంత్రం చేతిరాతను బడుల్లోని పాత కాగితాలతో పోల్చి రాసింది ఎవరో సాయంత్రానికల్లా చెప్పేస్తుందని వివరించాడు. పైవాళ్ళకు ఒక మాట చెప్పి వస్తానన్నాడు.

దలీలా ఆ పేజీ చదివింది. తలెత్తి ఆయనను అడిగింది.

"ఈ పిల్లలకి మనం ఏం చెప్పాం? పేరు కనబడదు, భయపడకుండా ఆలోచించి రాయండి అనే కదా?"

"తత్వం తర్వాత మాట్లాడుకుందాం మదాం. తెలిసీ దాచామంటే రేపు ముగ్గురం ఆ ఠాణాలోనే కూర్చుంటాం. దీన్ని పక్కన పెట్టి ఉంచండి."

ఆయన పక్క గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. ఫోనులో మాట్లాడుతున్న గొంతు గోడ దాటి వినిపిస్తోంది గానీ మాటలు తెలియడం లేదు. బయట వరండాలో బంట్రోతు ఖమీస్ మధ్యాహ్నం పంపాల్సిన కట్టలకు సీలు వేస్తున్నాడు. సీలు పడిన కట్టను పరీక్షల సంఘం మొత్తం కూర్చుంటే గానీ విప్పరాదు. కట్టలు తీసుకెళ్ళే బండి గేటు దగ్గర ఆగి ఉంది.

దలీలా పత్రం మీద ఇరవైకి పదిహేడు వేసి, సంతకం చేసి, నా వైపు జరిపింది.

"మీ సంతకం కూడా పడితే ఇది మామూలు పత్రమే, సీ నూరెద్దీన్. యాభైలో ఒకటి."

"నాకు ఇద్దరు ఆడపిల్లలున్నారు, దలీలా."

"తెలుసు. నేను బలవంతపెట్టను. కానీ ఆయన దగ్గరికి తీసుకెళ్ళింది మీరు."

ఆమె గొంతు పెంచలేదు. తిట్టినా బాగుండేది. పక్క గదిలో సీ ముంజీ "సరే సార్, సరే సార్" అనడం స్పష్టంగా వినబడింది. ఫోను ముగించబోతున్నాడు. కలం తీశాను. పదహారు వేశాను. సంతకం వంకరగా వచ్చింది. పత్రాన్ని కట్ట మధ్యలో దోపి, నేనే మోసుకెళ్ళి ఖమీస్ చేతిలో పెట్టాను. అతను లెక్క సరిచూసి, దారం చుట్టి, లక్క కరిగించి పోశాడు. అది గట్టిపడేదాకా అక్కడే నిలబడ్డాను.

తిరిగి వచ్చేసరికి సీ ముంజీ మా బల్ల దగ్గర ఉన్నాడు.

"పత్రం ఏదీ?"

"దిద్దేశాం. కట్టలో పోయింది."

ఆయన ముఖం పాలిపోయింది. కిటికీలోంచి చూశాడు. బండి గేటు దాటుతోంది.

"అంకె చెప్పు."

ఆ అంకె నాకు ఈరోజుకీ గుర్తుంది. "గుర్తు లేదు" అన్నాను. దలీలాను అడిగాడు. ఆమె కూడా అదే చెప్పింది. ఒక తెల్లకాగితం నా ముందు పెట్టి, ఆ అన్న మాటే రాసి సంతకం చేయమన్నాడు. రాసిచ్చాను.

విచారణ మూడు నెలలు సాగింది. నాలుగుసార్లు పిలిచారు. చేతిరాత గుర్తుందా, సిరా ఏ రంగు, పిల్లా పిల్లవాడా అని అడిగినవే అడిగారు. సీ ముంజీ అంకె రాసుకోకపోవడం తన తప్పేనని ఒప్పుకున్నాడట. కట్టలు విప్పడానికి సంఘం ఒప్పుకోలేదు. మా ఇద్దరినీ ఇక దిద్దే పనికి పిలవరాదని ఉత్తర్వు వచ్చింది. దలీలాను విచారణ తేలకముందే దక్షిణాన ఎడారి అంచు బడికి మార్చారు. నన్ను ఉన్నచోటే ఉంచారు, ఎందుకో తెలియదు. అది నాకు సిగ్గుగానే ఉంది.

ఫలితాలు వచ్చింది విచారణ మధ్యలోనే. ఊరంతా కార్ల హారన్లు, మేడల మీద ఆడవాళ్ళు నాలుక ఆడిస్తూ వేసే సంబరపు కేకలు, జగారీతులు. దలీలా సామాను సర్దుకుంటుంటే చూడటానికి వెళ్ళాను. దారిలో నవ్వుతూ పోయే పిల్లల ముఖాల్లో ఎవరై ఉంటారా అని చూస్తూ వచ్చానని ఆమెతో చెప్పాను.

పుస్తకాల పెట్టెకు తాడు బిగిస్తూ ఆమె ఆగింది.

"వెతకకండి. అది ఠాణావాళ్ళ పని."

తాడు రెండో కొస నా చేతికిచ్చి గట్టిగా పట్టుకోమంది.